అంతరిక్షనౌకలో తీగయు, నిస్తంతియు

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు రైలుబండి శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురము దాటి టైడా చేరునప్పటికి మైదానము క్రిందబడి, ఇరుప్రక్కల కొండలు దగ్గరకు వచ్చును. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దించుటకై 1960వ దశకములో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ మార్గమిది. దీని పొడవున 58 సొరంగములు గలవు. చిన్న రేడియోను వెంట పెట్టుకొని ఈ దారిన పోవువారికి ఒక సంగతి తెలిసియే యుండును. బండి సొరంగములో ప్రవేశింపగానే పాట మూగవోవును. వెలుతురులోనికి రాగానే మరల అందుకొనును. నడుమనున్న చరణము మనకు దక్కదు. రేడియో చెడలేదు, స్టేషను ఆగలేదు. తరంగమునకు దారి లేకపోయినది, అంతియే.

ఆ పట్టాల మీదనే మరియొక విషయము గమనింపదగి యున్నది. ఇనుపరాతిని మోయు గూడ్సుబండి మిక్కిలి పొడవైనది. ఒక కొనను ఇంజను, రెండవ కొనను గార్డు పెట్టె. పూర్వము డ్రైవరును గార్డును పచ్చజెండాతో, ఎఱ్ఱజెండాతో, రాత్రివేళ లాంతరుతో, ఈలతో సంజ్ఞలు చేసికొనెడివారు. తరువాత వారి చేతికి వాకీటాకీ వచ్చినది. మాట నిస్తంతి యైనది. కాని బ్రేకు నిస్తంతి కాలేదు. ఇంజను మొదలు కడపటి పెట్టె వరకు ఒక గాలిగొట్టము సాగియుండును. అందులో ఒత్తిడి తగ్గినచో ప్రతి పెట్టెకును బ్రేకు పడును. గొట్టము తెగినను, బండి నడుమ విడిపోయినను, ఒత్తిడి దానంతట అదియే పడిపోయి చక్రములు పట్టుబడును. కొండ దిగు బండికి ఈ గొట్టమే ప్రాణాధారము. పలుకరింపునకు వాకీటాకీని స్వీకరించిన రైల్వేవారు ఈ గొట్టమును మాత్రము విడువలేదు. ఏ పనికి తీగ కావలెను, ఏ పనికి తరంగము చాలును అను వివేకము ఇందు గలదు. అంతరిక్షనౌకలను నిర్మించువారు అరువది యేండ్లకు పైగా తర్కించుచున్న ప్రశ్నయు సరిగా ఇదియే.

1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారు స్పుత్నిక్‌ను పైకి పంపినారు. 83.6 కిలోల ఆ గోళము పంపిన కూతను ప్రపంచమంతటను రేడియో గల ఇండ్లలో విన్నారు. ఆనాటి నుండి అంతరిక్షనౌక యన్న నిస్తంతికి మారుపేరుగా నిలిచినది. వేల కిలోమీటర్ల దూరము, లక్షల కిలోమీటర్ల దూరము తీగ లేకయే మాటాడు యంత్రమది. కాని దాని కడుపులోనికి తొంగిచూచిన ఆశ్చర్యము కలుగును. భూమితో నిస్తంతిగా మాటాడు నౌక, తనలో తాను మాటాడుకొనుటకు తీగ లేక అడుగు వేయలేదు. మూరెడు దూరమున నున్న రెండు పరికరములు సైతము రాగితీగతోనే ఒకదానికొకటి కబురు పంపుకొనును.

ఆ తీగ కొంచెము కాదు. చంద్రునికడకు మనుష్యులను గొనిపోయిన అపోలో ప్రధానకక్షలో సుమారు 24 కిలోమీటర్ల తీగ యుండెడిది. అమెరికావారి స్పేస్ షటిల్‌లో 370 కిలోమీటర్లకు పైబడి యుండెడిది. విశాఖ నుండి విజయవాడకు పోవు రైలుదారి కంటె అది ఎక్కువ పొడవు. సామాన్యముగా ఉపగ్రహపు బరువులో పదింట ఒక వంతు వరకు ఈ తీగలు, వాని మొలలు, కట్లు ఆక్రమించుచుండును. పైకి పంపు ప్రతి కిలో బరువునకు ఎంత ఇంధనము, ఎంత ధనము వెచ్చింపవలెనో తలచినచో ఇది చిన్న సంగతి కాదు. అదియునుగాక ఈ తీగల గుత్తిని మనుష్యుల చేతులే ఓర్పుతో పేర్చి, కట్టి, ఒక్కొక్కదానిని పరీక్షింపవలెను. తుదిదినములలో ఒక పరికరము స్థానము మార్చవలసి వచ్చినచో గుత్తి అంతయు విప్పవలసి వచ్చును.

బరువు ఒక భారమైన, తెగుట మరియొక భయము. 1967 జనవరి 27న నేలమీద పరీక్ష జరుగుచుండగా అపోలో నౌకలో మంటలు లేచి గ్రిసమ్, వైట్, చాఫీ యను మువ్వురు వ్యోమగాములు మరణించినారు. నిప్పురవ్వ ఎచ్చట పుట్టినదో విచారణవారు ఖండితముగా తేల్చలేకపోయినను, నౌకలోని విద్యుత్ తీగల లోపములను తీవ్రముగా ఎత్తిచూపినారు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 నౌక చంద్రుని త్రోవలో నుండగా ప్రాణవాయువు తొట్టె పేలినది. లోపలి తీగల పైపూత అంతకుముందే వేడికి దెబ్బతినియుండుటయే దానికి మూలము. ముగ్గురు వ్యోమగాములును బ్రతికి వచ్చుట అదృష్టము, నేర్పు రెండును కలిసిన ఫలితము. 1999 జులై 23న మన చంద్రశేఖరుని పేరు పెట్టుకొన్న చంద్ర దూరదర్శినిని మోసికొని కొలంబియా షటిల్ లేచిన అయిదవ క్షణముననే, ఒక మర తలకు ఒరసికొని పూత చెడిన తీగ వలన విద్యుత్తు పెడదారి పట్టినది. రెండు ఇంజనులకు చెందిన నియంత్రకములు ఒక్కొక్కటి చొప్పున మూగవోయినవి. మారు నియంత్రకములు ఉండుటచే నౌక గట్టెక్కినది. తరువాత షటిల్‌లన్నిటిని నిలిపి, కిలోమీటర్ల కొలది తీగను కంటితో వెదకి చూచినారు.

ఇట్టి అనుభవము మన తెలుగుగడ్డ మీదను జరిగినది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోట నాడు నెల్లూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. 2010 డిసెంబరు 25వ తేదీ సాయంకాలము 4 గంటలు దాటిన కొద్ది నిమిషములకు జీఎస్‌ఎల్‌వీ–ఎఫ్06 రాకెట్టు అచ్చటినుండి లేచినది. దాని శిఖరమున 2,310 కిలోల జీశాట్–5పి ఉపగ్రహము. అందులో 36 ట్రాన్స్‌పాండర్లు. దూరపు ఊళ్లకు టెలివిజను, టెలిఫోను, పాఠములు, వైద్యసలహా చేరవేయుటకు ఉద్దేశించినది. తీగ స్తంభములు ఎక్కుటకు కష్టమైన టైడా వంటి కొండసీమలకు ఆకాశమునుండి దిగు మాటయే దగ్గర మార్గము గనుక, ఈ ప్రయోగపు ఫలితము మన కొండలకును సంబంధించినదే.

47.5 క్షణముల వరకు అంతయు సవ్యముగా సాగినది. 47.8వ క్షణమున చిక్కు మొదలైనది. 53.8వ క్షణమునకు రాకెట్టు గాలిలోనే విరిగిపోయినది. రక్షణ నియమము ననుసరించి 64వ క్షణమున నేలమీదినుండి ధ్వంసాజ్ఞ ఇచ్చినారు. శకలములు సముద్రములో పడినవి. ఇంజను చెడలేదు, ఇంధనము చాలకపోలేదు. విచారణ సంఘము తేల్చిన కారణమేమనగా, రష్యా నుండి తెచ్చిన క్రయోజెనిక్ దశ అడుగుభాగమున నున్న 10 కనెక్టర్ల సమూహము వేళగాని వేళ ఊడిపోయినది. ఆ కనెక్టర్లు 292వ క్షణమున, దశ విడిపోవుమను ఆజ్ఞ వచ్చినపుడు మాత్రమే ఊడవలసినవి. రాకెట్టు శిఖరము దగ్గర కంప్యూటరు. అడుగున నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు. పైనుండి క్రిందికి ప్రతి క్షణము పోవలసిన చుక్కాని ఆజ్ఞలు ఆ మొలల గుండానే పోవుచుండెడివి. మొలలు ఊడిన తోడనే తల చెప్పిన మాట కాళ్లకు వినరాలేదు. కాళ్లు గట్టివే, తల తెలివైనదే. నడుమ తీగ తెగినది. అంత పెద్ద రాకెట్టు ఆరు క్షణములలో కూలినది.

ఇది విన్న ఎవ్వరికైనను ఒక ప్రశ్న తోచకమానదు. చంద్రునితో మాటాడ నేర్చినవారు, రాకెట్టు తలకును కాళ్లకును నడుమ ఒక చిన్న రేడియోను ఏల పెట్టరాదు? తీగ లేనిచో మొల యుండదు, మొల లేనిచో ఊడుట యుండదు గదా! ఈ ప్రశ్న సమంజసమే. దీనికి సమాధానము చెప్పుటకు మనము మరల టైడా సొరంగమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

కొండ రాతిలోనికి వెలుపలి తరంగము చొరలేనట్లే, లోహపు పెట్టెలో పుట్టిన తరంగము వెలుపలికి పోలేదు. అంతరిక్షనౌక అనగా అల్యూమినియపు అరలు గల పెట్టె. అందులో చిన్న రేడియోను పలికించినచో తరంగము గోడనుండి గోడకు తట్టుకొని నూరు విధములుగా తిరిగి వచ్చును. పెద్ద గుహలో కేక వేసినచో ప్రతిధ్వనులు ఒకదానిపై ఒకటి పడి మాట అర్థము కానట్లు, ఇచ్చటను ఒక మాటకు నూరు నకళ్లు పుట్టును. ఒకచోట నకళ్లు కలిసి బలపడును; జానెడు దూరములో అవియే ఒకదానినొకటి హరించుకొని నిశ్శబ్దము కలిగించును. సూక్ష్మమైన శాస్త్రపరికరములకు ఈ తరంగముల చప్పుడే ఆటంకము కావచ్చును. వెలుపలినుండి మరియొకరి తరంగము చొరబడు అవకాశమునకు జాగ్రత్త పడవలెను. ఇవి యన్నియు దాటినను, విద్యుత్తు మాట మిగిలియున్నది. కబురు గాలిలో తేలి రావచ్చును గాని, పరికరమును నడుపు విద్యుత్తు తీగలోనో, దాని సొంత బ్యాటరీలోనో రావలెను. కావున నిస్తంతి యనగా తీగలన్నియు మాయమగుట కాదు; కబురు తీగలు తగ్గుట మాత్రమే.

ఈ కారణములచే నిస్తంతి మొదట నౌక హృదయములో గాక, అంచున కాలుమోపినది. అదియు ఒక దుఃఖకరమైన సంఘటన తరువాతనే. 2003 జనవరి 16న కొలంబియా షటిల్ లేచునపుడు ఇంధనతొట్టె మీది నురుగుపలక ఒకటి ఊడి ఎడమరెక్క అంచును తాకినది. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చునపుడు ఆ రంధ్రము గుండా నిప్పుగాలి లోనికి ప్రవేశించి నౌక ముక్కలైనది. మన కల్పనా చావ్లాతో పాటు ఏడుగురు మరణించినారు. శ్రీహరికోట నుండి 2002 సెప్టెంబరు 12న ఎగిరిన మెట్‌శాట్ ఉపగ్రహమునకు ఆమె పేర కల్పన–1 అని నామకరణము చేసినారు. ఆ రెక్కలోని తీగలు ఒకదాని వెనుక ఒకటి కాలిపోయిన వరుసను పెట్టెలో దొరికిన నమోదులనుండి చదివి, మంట ఎచ్చట మొదలై ఎటు పాకినదో విచారణవారు గ్రహించినారు. తీగలు తాము చచ్చుచు సాక్ష్యము చెప్పినవన్నమాట.

తరువాత రెక్క అంచునకు తగిలిన దెబ్బను తక్షణమే తెలిసికొను ఉపాయము కావలసివచ్చినది. పాత నౌకను విప్పి రెక్క కొస వరకు క్రొత్తగా తీగలు లాగుట అతికష్టము. కావున బ్యాటరీతో పనిచేయు చిన్న నిస్తంతి పెట్టెలను రెక్కలలో అమర్చి, ఒక్కొక్క రెక్కకు 66 అదురుకొలతలను వానికి తగిలించినారు. అవి కనిపెట్టిన కుదుపును రేడియో ద్వారా వ్యోమగాముల గదిలోని చిన్న కంప్యూటరునకు పంపెడివి. 2005 జులై 26న డిస్కవరీ షటిల్ ఎగిరినపుడు ఈ ఏర్పాటు దానితో పాటు ఎగిరినది. అవి రెక్కను నడుపలేదు. రెక్క కుశలమును విచారించి చెప్పినవి, అంతియే. గూడ్సుబండి వెనుకనుండి గార్డు వాకీటాకీలో చెప్పు మాట వంటిది ఆ సేవ.

దీని తరువాతి అధ్యాయమునకు మరల శ్రీహరికోటయే వేదిక యైనది. 2008 ఏప్రిల్ 28 ఉదయము పీఎస్‌ఎల్‌వీ–సి9 రాకెట్టు ఒక్కమారుగా 10 ఉపగ్రహములను మోసికొనిపోయినది. 690 కిలోల కార్టోశాట్–2ఎ, 83 కిలోల ఐఎంఎస్–1 మన దేశమువి. తక్కిన ఎనిమిది విదేశపు బుల్లి ఉపగ్రహములు. వానిలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు నిర్మించిన డెల్ఫి–సి3 యున్నది. రెండు కిలోలకు కొంచె మెక్కువ బరువు. చేతిలో పట్టుకొనదగిన పరిమాణము. దానికి బ్యాటరీ సైతము లేదు. ఎండ యున్నంతవరకే పని. దానికి తగిలించిన రెండు సూర్యదర్శకములు చరిత్రకు ఎక్కదగినవి. సూర్యుడు ఏ దిక్కున నున్నాడో కనిపెట్టుట వాని పని. ఒక్కొక్కదానికి సొంత సౌరఫలకము గలదు గనుక విద్యుత్తీగ అక్కరలేదు. కనిపెట్టిన సంగతిని ఉపగ్రహపు కంప్యూటరునకు రేడియోతో చెప్పును గనుక కబురు తీగయు అక్కరలేదు. ఉపగ్రహములో రెండు విధముల తీగను ఒక్కమారే త్రెంచుకొన్న తొలి పరికరములలో వీనిని లెక్కింపవచ్చును. ఆ బుల్లి ఉపగ్రహపు మాటలను ప్రపంచమందలి ఔత్సాహిక రేడియో సోదరులు పట్టి నమోదుచేసి విశ్వవిద్యాలయమునకు పంపినారు. అది పదునైదేండ్లకు పైగా ఆకాశమున తిరిగి, 2023 నవంబరులో వాతావరణమునందు కాలిపోయినది.

రేడియో తరంగమే శరణ్యము కాదని స్పెయిన్‌వారు మరియొక త్రోవ తొక్కినారు. కంటికి కనబడని పరారుణ కాంతితో ఉపగ్రహములోని పరికరములు మాటాడుకొను ప్రయోగమును 2004 డిసెంబరులో ఎగిరిన నానోశాట్–01లో చేసినారు. 2013 నవంబరులో ఎగిరిన ఆప్టోస్ అను చిన్న ఉపగ్రహములో పరికరముల నడుమ సంభాషణకు ఈ కాంతినే వాడినారు. టెలివిజనును దూరమునుండి త్రిప్పు మీట పనిచేయు రీతి ఇట్టిదే. కాంతి గోడను దాటిపోదు గనుక వెలుపలివారికి అందదు. రేడియో పరికరములకు అడ్డురాదు. అదే 2013లో అంతరిక్ష సంస్థల ఉమ్మడి సంఘము నౌకలోపలి నిస్తంతి పలుకులకు ఒక సామాన్య పద్ధతిని సిఫారసు చేసినది. మన ఇస్రోయు ఆ సంఘములో పరిశీలక సంస్థ. ప్రయోగశాలలో వింతగా మొదలైనది నియమగ్రంథములో చోటు సంపాదించినదన్నమాట.

నౌకకును నౌకకును నడుమ ఈ పద్ధతి మరింత సులభముగా నాటుకొన్నది. 2021 ఏప్రిల్ 19న అంగారకుని మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ హెలికాప్టరు తన వాహనమైన పర్సివరెన్స్‌తో చిన్న రేడియోతోనే మాటాడెడిది. దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ మన మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీ పాఠశాలలో చదివినవారు. శ్రీహరికోట నుండి 2023 జులై 14న బయలుదేరి ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్–3లో ప్రజ్ఞాన్ బండి భూమితో నేరుగా మాటాడలేదు. విక్రమ్ ల్యాండరుతో నిస్తంతిగా చెప్పగా, విక్రమ్ దానిని భూమికి అందించినది.

ఐనను తీగకు కాలము చెల్లినదని తలచుట తొందరపాటు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో వ్యోమగాముల కంప్యూటర్లు నిస్తంతిగా పనిచేయుచున్నవి. కాని తెలంగాణమునుండి వెడలిన తండ్రికి అమెరికాలో జన్మించిన రాజా చారి 2022 మార్చి 23న మథియాస్ మౌరర్ అను జర్మను వ్యోమగామితో కలిసి ఆ కేంద్రపు వెలుపలికి వచ్చి, దాదాపు ఏడు గంటలు శూన్యములో పనిచేసినాడు. ఆ దినపు పనులలో ఒకటి, ఐరోపావారి కొలంబస్ విభాగమునకు వెలుపల తగిలించిన బార్టొలొమియో వేదికకు విద్యుత్తును, కబురును చేరవేయు తీగను అమర్చుట. తీగను లాగుటకు ఇంకను మనుష్యుడు శూన్యములోనికి దిగవలసి వచ్చుచున్నది.

శ్రీహరికోటలో జరిగినదానికి మనవారు చెప్పిన సమాధానమును గూడ ఇట్లే గ్రహింపవలెను. కనెక్టర్లు ఊడినవని తీగనే తీసివేయలేదు. లోపమును శోధించి, పటిష్ఠము చేసి, మన దేశములో నిర్మించిన క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ–డి5ను 2014 జనవరి 5న ప్రయోగించి, జీశాట్–14ను కక్ష్యలో నిలిపినారు. చుక్కాని ఆజ్ఞ క్షణములో నూరవ వంతు ఆలస్యము కారాదు. ఒక్క మాట తప్పిపోరాదు. ప్రతిధ్వనుల నడుమ అట్టి నమ్మకము కుదురునంతవరకు ఆ పనికి తీగయే తగినది. వేడి ఎంత, అదురు ఎంత, సూర్యు డెచ్చట అని విచారించి చెప్పు వందలాది చిన్న పరికరములకు మాత్రము తరంగమే తగినది. ఒక మాట జారినను మరుక్షణము మరల చెప్పును. తీగ బరువు తగ్గును. తెగు మొల ఒకటి తగ్గును.

ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నది నేటికిని తెగని ప్రశ్న. అది సంవత్సర సంవత్సరమునకు తీగవైపునకు జరుగుచున్నది. నిన్న తీగకు మాత్రమే అప్పగించిన పనిని నేడు తరంగము చేయుచున్నది. కాని జరిగిన ప్రతిసారియు ఒక పరీక్ష నెగ్గియే జరిగినది, మోజువలన కాదు. మనము ఇంటిలో రేడియో మీట త్రిప్పి, ఎచ్చటినుండియో వచ్చు మాటను తేలికగా వినుచున్నాము. ఆ మాటను మోయు ఉపగ్రహమును పైకెత్తినపుడు పది చిన్న మొలల బిగువుమీద ఎందరి శ్రమ ఆధారపడియున్నదో 2010 డిసెంబరు 25 మనకు తెలిపినది. తీగను తగ్గించుటకు చేయు ప్రయత్నమంతయు ఆ బిగువును గూర్చిన చింతయే. తరంగమును వెంటనే నమ్మకపోవుటయు ఆ చింతయే.